పీకిన రోజే ఇంప్లాంట్ ఆఫర్: ముందు పన్నుకైతే ఆగండి

ఆ మెసేజ్ మీ ఫోన్లకీ వచ్చే ఉంటుంది. "పొద్దున పీకుడు, సాయంత్రానికి స్క్రూ, 38 వేలే." స్క్రూ అంటే ఇంప్లాంటే, పన్ను వేరు బదులు దవడ ఎముకలో బిగించే టైటానియం మర. నా పై ముందు పన్నుకి నేనూ అదే చేయించుకున్నా. పదకొండు నెలలకి చిగురు 2 మిల్లీమీటర్లు పైకి జారింది, కింద బూడిద రంగు టైటానియం బయటపడింది. వెళ్లి చూపిస్తే డాక్టరుగారు సెల్‌ఫోన్‌లోంచి తల ఎత్తకుండా ఇచ్చిన సలహా: "నవ్వేటప్పుడు పై పెదవి కాస్త దించుకోండి మేడమ్."

దించుకోవాలట! 38 వేలు లెక్కపెట్టుకునేటప్పుడు తమరు మాత్రం చిగుళ్లన్నీ కనపడేలా నవ్వారు.

పైగా "మీ ఎముకే అరిగింది, మేమేం చేస్తాం" అని. అరుగుతుందని తెలీకే పెట్టారా? పన్ను గుంట లోపలి పొర, బండిల్ బోన్, పన్నుని పట్టుకునే నారల మీదే బతుకుతుంది. పన్నుతో నారలు పోతాయి, వాటితో ఆ పొరా పోతుంది. పై ముందు పళ్లకి పెదవి వైపు గోడ చాలామందిలో 1 మి.మీ. కూడా ఉండదు, అంటే ఇంచుమించు గోడంతా ఆ పొరే. ఏడాదిలో ఎముక వెడల్పు సగానికి పడిపోవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి 3 నెలల్లోనే. "వెంటనే స్క్రూ పెడితే ఎముక నిలబడుతుంది" అన్నది ఒట్టి మాట. స్క్రూ ఈ అరుగుదలని ఆపదు.

అందుకే స్క్రూని అంగిలి వైపు జరిపి, పెదవి వైపు 2 మి.మీ. అయినా సందు వదిలి, అందులో బోన్ గ్రాఫ్ట్, అంటే ఎముక పొడి లాంటి పదార్థం, నింపాలి. ఇక్కడ స్క్రూ నేరుగా పెదవి గోడకే ఆనింది. బిల్లులో గ్రాఫ్ట్ ఊసే లేదు. సీబీసీటీ, అంటే దవడని అన్ని వైపుల నుంచీ చూపించే 3డీ స్కాన్, కూడా తీయలేదు, చిన్న ఎక్స్‌రేతో సరి. అందులో ఎత్తు తెలుస్తుంది గానీ ఆ గోడ మందం తెలిసే దారే లేదు. ఇవన్నీ తెలిసీ, ఆఫర్ ఆఖరి రోజని కుర్చీ ఎక్కిన నా బుద్ధికి ఏ స్కాన్ తీయించాలో మరి.

సంతకానికి ముందు స్కాన్‌లో ఆ గోడ ఎన్ని మిల్లీమీటర్లో చెప్పించుకోండి. పలచనైతే పన్ను పీకాక చిగురు మానేదాకా 4 నుంచి 8 వారాలు ఆగి, గ్రాఫ్ట్‌తో పెట్టేవాళ్లని వెతుక్కోండి. ఇంప్లాంట్ డబ్బా మీది స్టిక్కర్ అదే రోజు చేతికి తీసుకోండి: కంపెనీ, సైజు, లాట్ నంబరు దాని మీదే ఉంటాయి, రేపు ఇంకో డాక్టరు ముందు అడిగేది అదే. దానికోసం ఇవాళ మూడోసారి ఫోన్ చేస్తే "సిస్టమ్ డౌన్ అండీ" అన్నారు.