కడప జిల్లాలో పాత భోషాణం కోసం మూడు రోజులు

అనంతపురంలోని మా ఇంటికి ఒక పాత టేకు భోషాణం కొనాలని మాఘమాసంలో మూడు రోజులు కడప, ప్రొద్దుటూరు ప్రాంతాలు తిరిగాము. వెంట మా తమ్ముడితో పాటు, చాలా ఏళ్ళుగా మా ఇంటి చెక్కపనులు చూస్తున్న ఆచారి గారిని కూడా తీసుకువెళ్ళాము. ఆయన కూలీ, భోజనం, బస మేమే భరించాము. ఆ ప్రయాణంలో పెట్టిన ఖర్చులన్నిటిలోకీ సార్థకమైనది అదే.

కడపలో ఆర్టీసీ బస్టాండుకు దగ్గరగా ఒక లాడ్జిలో దిగాము. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వేళకు వచ్చాయి, కానీ రాత్రంతా బస్సుల హారన్లు ఆగలేదు. అయినా ఈ పని మీద వచ్చేవారికి ఊరి నడుమ బసే మేలని చెబుతాను, ఎందుకంటే పాత చెక్కను ఉదయపు ఏటవాలు ఎండలో చూడాలి. పసుపుపచ్చని బల్బుల కింద ఏ బల్ల అయినా వందేళ్ళదిగానే కనిపిస్తుంది. గండికోటలో పర్యాటక శాఖ వారి హరిత హోటలు పెన్నా లోయ చూడవచ్చినవారికి చక్కని చోటే గాని, కడపకు సుమారు ఎనభై కిలోమీటర్ల దూరం కాబట్టి మాకు కుదరలేదు.

మొదట చూసిన దుకాణంలో నల్లగా మెరుస్తున్న భోషాణాన్ని చూపి, నూట యాభై ఏళ్ళదని, ఎనభై అయిదు వేలకు తక్కువ ఇవ్వమని అన్నారు. ఆచారి గారు ముందుభాగం వైపు చూడనేలేదు. మూత ఎత్తి, మడతబందుల దగ్గర వేలు పెట్టారు. అక్కడ ప్లస్ గుర్తు తలల మరమేకులు ఉన్నాయి. అటువంటి మరలు 1930లలో వచ్చినవి. అంతమాత్రాన పెట్టె కొత్తదని తీర్పు చెప్పకూడదు, పాత బందు విరిగితే ఎవరైనా కొత్తది బిగించుకుంటారు. అయితే అలా మార్చి ఉంటే పాత మేకుల బెజ్జాలో, పాత బందు ఆకారంలో చెక్క రంగు తేడాయో పక్కన కనబడాలి. ఇక్కడ బెజ్జాలు ఒకే వరుస ఉన్నాయి, చుట్టూ చెక్క ఒకే రంగులో ఉంది.

ఆ తరువాత ఆయన చూపినది నాకు అన్నిటికంటే విలువైన పాఠం. పక్క పలకల మీద పుచ్చు ఉంది. పుచ్చుపురుగు చెక్కలోంచి బయటికి వచ్చేటప్పుడు గుండ్రని చిన్న రంధ్రం మాత్రమే చేస్తుంది. దాని సొరంగాలు లోపలే ఉంటాయి. ఈ పలకల మీద సొరంగాలు పొడవునా సగానికి చీలి, కాలువల్లా పైకి కనిపిస్తున్నాయి. అంటే పురుగు తిన్న తరువాత ఆ చెక్కను రంపంతో కోశారన్నమాట. సీమలో పాత మిద్దెలు కూల్చినప్పుడు దూలాలు, దంతెలు, ద్వారబంధాలు అమ్ముడవుతాయి. ఆ చెక్క నిజంగానే చేవదేరిన పాత టేకు, దానితో కొత్త పెట్టె చేయడంలో తప్పేమీ లేదు. దానికి పాత పెట్టె పేరు, పాత పెట్టె ధర పెట్టడమే నాకు బాధ కలిగించింది. పైగా విదేశాలకు కూడా పంపిస్తామని దుకాణదారు చెప్పారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. నూట యాభై ఏళ్ళదన్న మాటే నిజమైతే ఆ సేవకు ఒప్పుకోకూడదు.

రెండో దుకాణంలో ఆగినది కొద్దిసేపే. అడుగుపలక ప్లైవుడ్డు.

మూడో రోజు ప్రొద్దుటూరు దగ్గరి ఒక పల్లెలో, కూల్చబోతున్న మిద్దె ఇంటికి వెళ్ళాము. ఆ ఇంటి పెద్దామె, "మా అత్త కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్య పెట్టె నాయనా" అన్నారు. మాట నమ్మదగినదే అయినా ఆచారి గారు పెట్టెను పక్కకు ఒరిగించి అడుగు చూశారు. మిల్లు రంపం వదిలే వంపు గీతలు ఎక్కడా లేవు, బాడిశ దెబ్బలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పలకలను ఒకదానిలో ఒకటి బిగించే కుసులు కొలత కలవలేదు, అంటే చేత్తో చెక్కినవే. కడప బండల నేల మీద ఏళ్ళతరబడి కడుగునీళ్ళు తగిలి కాళ్ళ అంచులు నల్లబడి, అరిగి ఉన్నాయి. మూత ముందంచు మాత్రం చేతులు ఆనే నడుమ భాగంలోనే నున్నగా ఉంది. లోపలి మూలలో స్పిరిటు తడిపిన దూదితో రుద్దితే చపడా (లక్క) పాలిష్ కరిగింది. ఆ పాలిష్ ఇప్పటికీ వేస్తారు కాబట్టి దాన్ని రుజువుగా తీసుకోలేదు. ముప్పై రెండు వేలకు బేరం కుదిరింది.

ప్రొద్దుటూరులో మాట్లాడుకున్న మినీ లారీ మనుషులు గోనెసంచులు, పాత బొంతలు చుట్టి, ఒక్క గీత పడకుండా అనంతపురం చేర్చారు. పెట్టె అడుగున ఒక పలక చెదలు తిని పోయింది. ఆచారి గారు దానికి బదులు కొత్త టేకు పలక వేసి, రంగు కలపకుండా అలాగే వదిలేసి, రేపు కొనేవారు ఆ ఒక్కదాన్ని పాతదనుకోకూడదని దాని వెనుక పెన్సిలుతో సంవత్సరం రాశారు.