సీలెంట్ మీద వ్యాక్స్: తేడా బానెట్ మీద తెలిసింది

కారుకి మెరుపు తెచ్చేది వ్యాక్స్, అంటే మైనం. పెయింట్‌ని కాపాడేది దాని అడుగున పూసే సీలెంట్ అనే రసాయన పొర. చాలాకాలంగా ఈ రెండూ వాడుతున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. ఆ అడుగు పొర జోలికి ఎవరైనా వస్తే నాకు కోపం వస్తుంది. ఎందుకో కింద రాస్తాను.

నేను వాడేవి మెంజెర్నా పవర్ లాక్ అనే సీలెంట్, దాని మీద కొల్లినైట్ 845 అనే వ్యాక్స్. రెండోదానికి ఇన్సులేటర్ వ్యాక్స్ అని పేరు. కరెంటు లైన్ల ఇన్సులేటర్లకు పూయడానికి తయారైన సరుకది. మాది రాజోలు వైపు, సముద్రపు గాలికి ఇనుము ఇట్టే తుప్పు పట్టే చోటు. ఆ పేరు చూసే కొన్నాను. మామిడి పూతకి తేనెమంచు పట్టే రోజుల్లో చెట్టు కింద కారు నిలిపితే జిగురు పట్టేస్తుంది. ఇదివరకు దాన్ని నానబెట్టి రుద్దాల్సి వచ్చేది. ఇప్పుడు షాంపూ నీళ్లకే జారిపోతుంది. చెరువుగట్టు కొంగలు వేసిన రెట్ట కూడా అంతే, ఎండేలోపు కడిగితే మచ్చ మిగలదు.

ఇక అసలు సంగతి. భీమవరంలో పెళ్లికని తమ్ముడు కారు తీసుకెళ్లి, దారిలో ఒక షాపులో వాటర్ వాష్ చేయించాడు. తిరిగొచ్చాక బానెట్ అద్దంలా ఉంది. ఆ మెరుపు నాకు కొత్తగా అనిపించింది. తర్వాత ఒకరోజు చించినాడ వంతెన మీద వాన పట్టుకుంది. దిండిలో దిగి చూస్తే ఫెండర్ల మీద, టాప్ మీద నీళ్లు పూసల్లా నిలిచి ఉన్నాయి. బానెట్ మాత్రం మామూలు రేకులా తడిసి ముద్దయింది. ఒకే కారు, ఒకే వాన!

షాపుకెళ్లి అడిగితే కుర్రాడు, "గీతలు కనపడ్డాయండి, కాస్త పాలిష్ కొట్టామండి, దానికి డబ్బులు కూడా తీసుకోలేదండి" అన్నాడు. సీసా చూపించాడు, క్లీనర్ వ్యాక్స్. అందులో సన్నటి రాపిడి పొడి, మురికిని కరిగించే ద్రావకం ఉంటాయి. పాత మైనం, సీలెంట్ అన్నీ ఊడ్చేసి, తన పల్చటి పొర వేసి పోతుంది. దాని మెరుపు తొలి రెండు మూడు కడుగుళ్లకే పోయింది. కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పై పొర, అంటే క్లియర్ కోట్, మందం సుమారు 40, 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). రాపిడి ఉన్న మందు కొట్టిన ప్రతిసారీ అందులో కొంత అరుగుతుంది. పైగా మురికి గుడ్డతో రుద్దారేమో, ఎండలో నిలబెడితే గుండ్రటి సన్నగీతలు కనపడ్డాయి. అవి పోవాలంటే మళ్లీ పాలిష్ కొట్టాలి, అంటే ఇంకొంత అరగాలి. వద్దనుకున్నాను. పొద్దుటి ఎండలో అవి ఇప్పటికీ నా కళ్లకి కనిపిస్తూనే ఉంటాయి.

బానెట్ ఒక్కదాన్నీ మొదటినుంచి చేశాను. కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్లు కలిపి తుడిచాను. నూనె, మైనం మిగిలితే సీలెంట్ పెయింట్‌ని పట్టుకోదు. మైనం మీద సీలెంట్ నిలవకపోవడానికీ కారణం అదే. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు పల్చగా పూసి వదిలేశాను. గాలి పొడిగా ఉంటే ఒక రాత్రి చాలు. మన దగ్గర ముసురు పట్టినప్పుడు మర్నాడు కూడా ఆగడం మంచిది. తర్వాతే వ్యాక్స్, అదీ పల్చగానే. మందంగా పూస్తే తుడవలేక గట్టిగా రుద్దుతాం, ఆ రుద్దుడుకే గీతలు పడతాయి. సీలెంట్ రెండో కోటు వేస్తే తప్పిపోయిన చోట్లు కప్పుకుంటాయి, మూడో కోటుతో నాకేమీ తేడా కనపడలేదు. వ్యాక్స్ మీద వ్యాక్స్ వేస్తూ పోయినా అంతే. కొత్తదానిలోని ద్రావకం పాతదాన్ని కొంత కరిగిస్తుంది.

మొదట్లో సీలెంట్ ఆరు నెలలు ఆగుతుందని తెలిసినవాళ్లందరికీ చెప్పేవాణ్ని. రోహిణి కార్తె ఎండలు దాటాక చూస్తే మా ఇంటి దగ్గర నాలుగు నెలలే లెక్క. నీటి పూసలు ముచ్చటగానే ఉంటాయి కానీ బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే ఒక్కో పూసా ఒక్కో తెల్లటి ఉప్పు మచ్చయి కూర్చుంటుంది. దాన్ని వ్యాక్స్ ఆపలేదు. అందుకే చివరి తడుపు మినరల్ వాటర్ ప్లాంట్ టిన్ను నీళ్లతో పోసి, వెంటనే మెత్తటి గుడ్డతో ఆరబెడతాను. వాష్ షాపుకి వెళ్లాల్సి వస్తే మాత్రం పక్కనే నిలబడతాను. నీళ్లు, షాంపూ తప్ప ఇంకేదీ ముట్టనివ్వను.

నా కారు ఉండేది షెడ్డులో, ఆదివారాలు నాకు తీరిక ఉంది, కాబట్టి రెండు పొరలూ గిట్టుబాటయ్యాయి. కాకినాడలో మా బావగారి కారు ఏడాది పొడుగునా రోడ్డు మీద ఎండలోనే ఉంటుంది. ఆయన అడిగితే సీలెంట్ ఒక్కటే వేసుకుని, వ్యాక్స్ డబ్బుతో మంచి కవరు కొనుక్కోమని చెప్పాను.