రెండు మోకాళ్లు, రెండు రకాల ఏసీఎల్ ఆపరేషన్లు: ఏళ్ల తరబడి వాడాక

నా కుడి మోకాలికి 2011లో, ఎడమ మోకాలికి 2017లో ఏసీఎల్ ఆపరేషన్ జరిగింది. ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకనూ కాలి ఎముకనూ కలిపి పట్టి ఉంచే పట్టీ లాంటి లిగమెంటు. అది తెగితే కొత్తది అమరుస్తారు. నా రెండు ఆపరేషన్లూ ఒకే పద్ధతి కావు. కుడివైపు తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరాల టెండన్లు (ఎముకకు అంటే తాళ్లలాంటివి) రెండింటిని తీసి, నాలుగు పేటలుగా మడిచి కొత్త లిగమెంటుగా అమర్చారు. ఎడమవైపు మోకాటి చిప్ప కింది టెండన్‌లో నడిమి మూడో వంతును, ఒక కొసన చిప్ప ఎముక ముక్కతో, మరో కొసన కాలి ఎముక ముక్కతో సహా కోసి వాడారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో బడిపిల్లలకు ఆటలు నేర్పడం నా ఉద్యోగం కాబట్టి రెండు కాళ్లకూ విశ్రాంతి లేదు. ఆటస్థలంలో నేను నమ్మేది ఎడమ కాలిని. ఇంట్లో, పెళ్లి పంక్తిలో, కొండ దిగేటప్పుడు కుడి కాలే హాయి.

ముందు పట్టు సంగతి. డాక్టర్లు మోకాలిని కాస్త వంచి, ఒక చేత్తో తొడను అదిమిపట్టి, మరో చేత్తో కింది ఎముకను ముందుకు లాగి చూస్తారు. లాక్‌మన్ పరీక్ష అంటే ఇదే. అందులో నా రెండు మోకాళ్లూ గట్టిగానే నిలిచాయి. తేడా తెలిసేది మలుపులో. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ఎలా వెనుదిరగాలో చూపించడానికి కుడిపాదం నేలకు తన్ని ఒళ్లు తిప్పానంటే, తొడ తిరిగిన తర్వాత ఒక్క క్షణం ఆలస్యంగా కింది ఎముక తన చోటికి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. నొప్పి లేదు, వాపు రాదు. కానీ తర్వాతి అడుగు జంకుతూ వేయడానికి ఆ చిన్న జారుడు చాలు. ఎడమ కాలి మీద అదే మలుపు తిరిగితే ఆ ఊసే ఉండదు.

దీనికి హ్యామ్‌స్ట్రింగ్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. 2011లో నాకు ఆపరేషన్ చేసిన సర్జన్ కాలి ఎముకలో తొలిచిన రంధ్రం గుండానే డ్రిల్లును పైకి పోనిచ్చి తొడ ఎముకలోనూ రంధ్రం చేశారు. అప్పట్లో చాలాచోట్ల అదే వాడుక. అలా తొలిస్తే పై రంధ్రం అసలు లిగమెంటు అంటుకుని ఉండే చోటికి కాస్త ఎగువన పడే అవకాశం ఎక్కువ. దాంతో కొత్త లిగమెంటు వాలుగా కాకుండా నిట్టనిలువుగా నిలుస్తుంది. ముందువెనకల కదలికను అది ఆపగలదు గానీ మెలికను అంతగా ఆపలేదు. తర్వాత సర్జన్లు మోకాలి లోపలివైపు మరో చిన్న గాటు పెట్టి, అక్కడి నుంచి నేరుగా తొడ ఎముకను తొలవడం మొదలుపెట్టారు. నా ఎడమ కాలికి అలాగే చేశారు. నా పాత ఎక్స్‌రే చూసిన రెండో సర్జన్ కూడా ఆ జారుడును రంధ్రం ఖాతాలోనే వేశారు. అందుకే టెండన్ ఎక్కడి నుంచి తీస్తారని అడిగేవారు, రంధ్రం ఎటు నుంచి తొలుస్తారని కూడా అడగాలంటాను. కొత్త లిగమెంటును ఎముకకు బిగించే బటన్ ఏ కంపెనీది, స్క్రూ కరిగేదా టైటానియందా అన్న చర్చలో ఆసుపత్రి కౌంటరుకు ఉన్నంత ఆసక్తి నాకు లేదు.

ఇక ఎడమ కాలి మీద ఫిర్యాదు. కోర్టు గీయడానికి మేకులు పాతి తాడు కట్టాలంటే నేల మీద మోకాలు ఆనించాలి. ఎడమ మోకాలు ఆనిస్తే సరిగ్గా టెండన్ తీసిన చోటే సూదితో పొడిచినట్టు ఉంటుంది. కింద గులకరాయి ఉందంటే ఇక చెప్పనక్కరలేదు. ఇన్నేళ్లైనా కుడి మోకాలి మీదే కూర్చుని మేకు కొడతాను. గాటుకు బయటివైపు అరచేయంత మేర చర్మానికి స్పర్శ తక్కువ, అక్కడ దోమ కుట్టినా తెలియదు. కుడి కాలికీ అలాంటి మొద్దు చోటు ఉంది గానీ చిన్నది. మా గజపతి జిల్లాలో చర్చిలో మోకరిల్లి ప్రార్థించేవారు ఎందరో ఉన్నారు. నమాజు చేసేవారున్నారు, పొలంలో కూర్చుని పని చేసేవారున్నారు. వీళ్లకు చిప్ప కింది టెండన్ తీసేముందు ఒక్క మాట అడగాలి. నన్ను ఎవరూ అడగలేదు. 1,501 మీటర్ల మహేంద్రగిరికి శివరాత్రికి వెళ్లినప్పుడు ఎక్కడంలో రెండు కాళ్లూ సమానమే. దిగేటప్పుడు ఎడమ చిప్ప ముందు భాగం సలుపుతుంది.

హ్యామ్‌స్ట్రింగ్‌కూ వెల లేకపోలేదు. నిలబడి కుడి మడమను పిరుదు దాకా మడవబోతే చివరి కాస్త దూరంలో బలం చాలదు. మొదటి నెలల్లో తొడ వెనక ఉన్నట్టుండి పట్టేసేది. ఇంకో చిక్కు: సన్నగా, పొట్టిగా ఉన్నవారిలో ఆ టెండన్లు కూడా సన్నగా ఉండవచ్చు. మడిచిన పేట 8 మిల్లీమీటర్ల కన్నా తక్కువ మందం వస్తే మళ్లీ తెగే ముప్పు ఎక్కువని సర్జన్లే చెబుతారు. మందం కచ్చితంగా తేలేది కోశాకే.

కొత్త లిగమెంటును ఒక్క పాయకు బదులు రెండు పాయలుగా అమర్చే పద్ధతి గురించి అడుగుతుంటారు. యంత్రంతో కొలిస్తే మెలిక మీద పట్టు మెరుగని కొన్ని పరిశోధనలు చూపినా, రోగికి తెలిసేంత తేడా స్పష్టంగా బయటపడలేదు. నేనైతే దానికోసం వెతుక్కుంటూ వెళ్లను.

వెతుక్కుంటూ వెళ్లదగ్గ పద్ధతి వేరే ఉంది. నా దగ్గర కబడ్డీ నేర్చుకున్న ఒక అమ్మాయికి హ్యామ్‌స్ట్రింగ్ లిగమెంటుతో పాటు, తొడ బయటివైపు పొడవునా ఉండే గట్టి పట్టీ అయిన ఐటీ బ్యాండులోంచి ఒక పట్టీని చీల్చి, పక్క లిగమెంటు కిందుగా పోనిచ్చి తొడ ఎముకకు బిగించారు. మెలికకు అది బయటినుంచి కట్టిన అదనపు కట్టు. 2020లో వెలువడిన స్టెబిలిటీ అధ్యయనంలో 25 ఏళ్ల లోపు వారు 618 మందిని రెండేళ్లు గమనించారు. ఉత్త హ్యామ్‌స్ట్రింగ్ వేసినవారిలో 11 శాతం మందికి, ఈ కట్టు కూడా వేసినవారిలో 4 శాతం మందికి లిగమెంటు మళ్లీ తెగింది. చిన్న వయసు, మలుపుల ఆట రెండూ ఉన్నవారి విషయంలో ఈ అంకెలు నాకు చాలు. కాకపోతే ఆ పిల్లకు తొడ పక్కన గాటు పెద్దది, మొదట్లో అక్కడ నొప్పీ ఎక్కువే.

అందరికీ కత్తి అవసరమూ లేదు. స్వీడన్ పరిశోధకులు 121 మందితో చేసి 2010లో ప్రచురించిన కానన్ అధ్యయనంలో, ముందు వ్యాయామం చేసి అవసరమైతేనే ఆపరేషన్ అనుకున్నవారిలో ఐదేళ్ల తర్వాత కూడా దాదాపు సగం మంది ఆపరేషన్ లేకుండానే గడిపారు. మా వీధి కిరాణా వ్యాపారి ఆ కోవలోకే వస్తాడు. దుకాణంలో కూర్చునే మనిషికి మోకాలు జారే సందర్భమే రాదు.

ఏ పద్ధతికైనా తర్వాతి వ్యాయామమే సగం చికిత్స. విశాఖలో కోయించుకుని పర్లాకిమిడికి వచ్చేస్తే రోజూ చూసే ఫిజియో దొరకడు. మొదటి వారాల్లో అందరూ మోకాలు ఎంత వంగిందని అడుగుతారు. అసలు చూడాల్సింది అది పూర్తిగా చాపుకుంటోందా అని. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టి, మోకాలి వెనక ఖాళీని మంచానికి ఆనించేలా తొడ ముందు కండరాన్ని బిగించాలి. మొదట్లో ఆ కండరం మాట వినదు. దర్జీ టేపుతో చిప్పకు జానెడు పైన రెండు తొడలూ కొలుచుకుంటే ఎంత కరిగిపోయిందో కనిపిస్తుంది. ఎడమ కాలి విషయంలో ఆ లోటు పూడడానికి కుడి కాలికన్నా చాలా ఎక్కువ కాలం పట్టింది. చిప్ప ముందు నొప్పి వల్ల బరువు పెంచలేకపోయేవాడిని.

మళ్లీ ఆటలోకి దిగడానికి తొమ్మిది నెలలు అన్నది సర్జన్ల చాదస్తం కాదు. 2016లో ప్రచురితమైన ఒక పరిశీలనలో, తొమ్మిది నెలల వరకు ఆటను ఆలస్యం చేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే అవకాశం సుమారు సగం చొప్పున తగ్గింది. నేను చెప్పిన ఆ కబడ్డీ అమ్మాయి ఆరో నెలకే చురుగ్గా పరుగెత్తేది. ఒంటికాలి గెంతులో మాత్రం ఆపరేషన్ కాలు రెండో కాలికన్నా బాగా వెనకబడి ఉంది. జిల్లా పోటీలకు పేరు పంపమని వాళ్ల నాన్న పట్టుబట్టారు. నేను పంపలేదు. ఆయన కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. మరుసటి ఏడాది ఆడింది, ఇప్పటికీ మోకాటి పట్టీ లేకుండానే ఆడుతోంది.