మడ మేలా, పొన్న మేలా?

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద నిలబడి, అందిన మడ చెట్టు (అవిసెన్నియా) ఆకును తుంచకుండా వేలితో రుద్ది నాలుకకు రాసుకున్నాను. ఉప్పు! అదే అడవిలోని పొన్న (ఉప్పుపొన్న, రైజోఫోరా) ఆకు మీద ఆ ఉప్పు కనిపించదు. రెండూ ఉప్పు బురదలో బతికేవే, బతికే తీరే వేరు.

పొన్న వేళ్ల దగ్గరే నీటిని వడగట్టి, ఉప్పును దాదాపు మొత్తం బయటే ఆపేస్తుంది. మడ కూడా చాలా వరకు ఆపుతుంది కానీ, లోపలికి జొరబడిన ఉప్పును ఆకుల్లోని గ్రంథుల గుండా బయటికి తోసేస్తుంది. అందుకే ఉప్పు బాగా పేరుకున్న నేలలో మడదే పైచేయి.

ఊపిరి సంగతికొస్తే, ఆ బురదలో గాలి ఆడదు. మడ తన చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లను పైకి లేపుతుంది. ఆటుకి నీళ్లు తగ్గగానే వాటి సన్నటి రంధ్రాల్లోంచి గాలి లోపలికి పోతుంది. కానీ వాటి మీద మట్టి మేట వేసినా, నీళ్లు రోజుల తరబడి కదలకుండా నిలిచినా చెట్టుకి ఊపిరాడదు. పొన్న వేళ్లు మాను మీంచే వంపు తిరిగి దిగుతాయి కాబట్టి ఆ బెంగ తక్కువ. పైగా పాయ గట్టున అలల తాకిడికి అవే ఊతకర్రలు.

పిల్లల్ని పెంచడంలో మాత్రం పొన్నకే నా ఓటు. గింజ చెట్టు మీదే మొలకెత్తి, పచ్చటి ములక్కాడలా వేలాడుతుంది. నీళ్లు లేని వేళ రాలితే మెత్తటి బురదలో గుచ్చుకుపోవచ్చు. లేదంటే వారాల తరబడి తేలుతూ ఎక్కడో ఒడ్డు చేరి వేళ్లూనుకుంటుంది. మడ గింజ కాయ తొక్క లోపలే మొలకెత్తుతుంది, అంత దర్జా లేదు.

నాటేవాళ్లకి కూడా ఆ ములక్కాడే ముద్దు: నర్సరీ అక్కర్లేదు, తెచ్చి గుచ్చేస్తే సరి, ఫొటోకీ బావుంటుంది. చిక్కేమిటంటే, పొన్నకి సరిపడని నేలలో కూడా దాన్నే గుచ్చేస్తారు.

పాయ గట్టున అయితే పొన్నే నాటాలి, అందులో అనుమానం లేదు. వెనక ఉప్పు తేలిన నేలకి మాత్రం మడే. రెండింట్లో ఒకటే ఉంచుకోమంటే నేను మడనే ఉంచుకుంటాను. ఎదిగిన పొన్నని మొదలంటా నరికితే ఇక లేవదు. మడ మోడు మళ్లీ చిగురేస్తుంది. ఆ చిగురు కోసం గేదెలు వస్తాయి, అది వేరే గొడవ.