ఊక దుమ్ములో ఇరవై ఏళ్ల రివాల్వర్, పదకొండేళ్ల పిస్టల్

మిర్యాలగూడలో మాకు రైస్‌మిల్లు ఉంది. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలయ్యాయంటే హాలియా, నిడమనూరు, నేరేడుచర్ల దాకా తిరగాలి. రైతులకు వడ్ల పైసలు చేతికి ఇచ్చి తిరిగి వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది. అందుకే 2004లో లైసెన్సు తీసుకుని .32 (గొట్టం కొలత, అంగుళాల్లో) రివాల్వర్ కొన్నాను. 2013లో .32 పిస్టల్ కూడా వచ్చి చేరింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మనిషి మీదికి ఎత్తాల్సిన అవసరం రాలేదు, ఇకముందు కూడా రాకూడదు. కానీ రెండింటినీ ఏటా హైదరాబాద్ తీసుకెళ్లి షూటింగ్ రేంజ్‌లో కాల్చాను. రెండూ నన్ను ఇబ్బంది పెట్టాయి. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లు మా మిల్లుకు వచ్చి “ఏది నమ్మొచ్చు అన్నా?” అని అడుగుతుంటారు. నా అనుభవం వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు తూటాల సంగతి. రెండూ .32 కాబట్టి ఒకదాని తూటాలు ఇంకోదానికి పనికొస్తాయని చాలామంది అనుకుంటారు. పనికిరావు. నా రివాల్వర్ తూటా కేసు (మందు ఉండే లోహపు గొట్టం) సుమారు 23 మిల్లీమీటర్లు, వెనక వెడల్పాటి అంచు ఉంటుంది. పిస్టల్‌ది .32 ఏసీపీ అనే రకం, కేసు 17 మిల్లీమీటర్లే. 1899లో బ్రౌనింగ్ పిస్టల్ కోసం వచ్చిన తూటా అది. దాని అంచు కూడా వెనక కాస్త బయటికి పొడుచుకుని ఉంటుంది. నా పిస్టల్ కష్టాల్లో సగం ఆ కొద్దిపాటి అంచు దగ్గరే మొదలయ్యాయి.

కొన్న రెండో ఏడు రేంజ్‌లో మూడు తూటాలు కాల్చాక స్లయిడ్ (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే భాగం) సగంలో ఆగిపోయింది. లాగితే కదలదు, నెడితే కదలదు. మ్యాగజైన్ (తూటాలు పేర్చే డబ్బా) తీసి చూస్తే పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి జారి, రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయి. పైది ముందుకు పోవాలంటే కిందిదాన్ని కూడా లాక్కుపోవాలి, అది కుదిరే పని కాదు. మ్యాగజైన్ మొత్తం ఖాళీ చేస్తే గానీ దారికి రాలేదు. అప్పటి నుంచి తూటాలు నింపేటప్పుడు ప్రతి పైదాని అంచు కిందిదాని అంచుకు ముందే ఉందా అని వేలితో తడిమి చూస్తాను. అలా చూసుకున్నాక ఆ సమస్య మళ్లీ రాలేదు. ఖాళీ కేసు బయటికి ఎగరకుండా స్లయిడ్ సందులో నిలబడిపోవడం మాత్రం అప్పుడప్పుడూ జరిగింది. అందులో నా తప్పు కూడా ఉంది. మణికట్టు వదులుగా పెడితే స్లయిడ్ పూర్తిగా వెనక్కి పోదు.

ఇక మా ఊక దుమ్ము. మిల్లులో రోజంతా ఉంటే చొక్కా మీదే కాదు, కనురెప్పల మీద కూడా పేరుకుంటుంది. పిస్టల్‌కు నూనె ఎక్కువ పెడితే ఆ దుమ్మంతా నూనెకు అంటుకుని ముద్దవుతుంది. పలచగా పూసి, మళ్లీ పొడిబట్టతో తుడిచేయడమే సరైన పద్ధతని నాకు ఆలస్యంగా తెలిసింది. ఎండాకాలంలో నడుముకు పెట్టుకుంటే చెమటకు తుప్పు పడుతుంది. ఈ విషయంలో రెండింటికీ తేడా లేదు.

రివాల్వర్ అసలు మొరాయించదని అంటారు. అది నిజం కాదు. నాది మధ్యలో విరిచి తూటాలు పెట్టే రకం. విరిచినప్పుడు లోపలి నక్షత్రం లాంటి ముక్క పైకి లేచి ఖాళీ కేసులను నెడుతుంది. ఒకసారి నెమ్మదిగా విరిచాను. ఒక కేసు జారి ఆ ముక్క కిందికి దూరింది. ఇక తుపాకీ మూసుకోదు. గోటితో తీయడానికి నానా తంటాలు పడ్డాను. అందుకే బ్యారెల్ మూతి పైకి పెట్టి, గట్టిగా ఒక్క ఊపులో విరవాలి. ఆ ముక్క కింద కాలని మందు పలుకులు చేరినా సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) తిరగడం బరువెక్కుతుంది. ప్రతిసారీ పాత టూత్‌బ్రష్‌తో అక్కడ రుద్దాలి.

నన్ను నిజంగా భయపెట్టింది ఇంకొకటి. 2017లో పాత తూటాలు అయిపోగొడదామని రివాల్వర్‌తో కాలుస్తుంటే ఒకటి ‘టప్’ మని నీరసంగా మోగింది. నేను మళ్లీ ట్రిగ్గర్ మీద వేలు పెట్టాను. పక్కనున్న కోచ్ “ఆగండి సార్!” అని కేక వేశాడు. గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉంది. రెండోది పేలి ఉంటే బ్యారెల్ ఉబ్బేదో పగిలేదో, నా చెయ్యి ఏమయ్యేదో! పిస్టల్ అయితే అంత బలహీనమైన తూటాకు స్లయిడ్ సాధారణంగా సరిగా ఆడదు, అక్కడే మనకు అనుమానం వస్తుంది. రివాల్వర్ సిలిండర్ తిప్పేది మన వేలే కాబట్టి అది ఏ హెచ్చరికా ఇవ్వదు. చప్పుడు తేడాగా వస్తే ఆపేయాలి, ఖాళీ చేసి బ్యారెల్‌లోకి చూడాలి. తూటా అసలే పేలకపోతే బ్యారెల్ మూతి లక్ష్యం వైపే పెట్టి ముప్పై సెకన్లు ఆగాలి. ఇది రేంజ్‌లో పాటించాల్సిన నియమం.

ఇన్ని చెప్పినా నాకు రివాల్వర్ మీదే నమ్మకం ఎక్కువ. ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక, తూటా పేలే చోట) తూటాతో పిస్టల్ నడుముకు పెట్టుకునే ధైర్యం నాకు లేదు. ఖాళీ ఛాంబర్‌తో పెట్టుకుంటే స్లయిడ్ లాగడానికి రెండో చెయ్యి కావాలి. రాత్రి పూట ఒక చెయ్యి స్టీరింగ్ మీద ఉంటుంది.

ఇంకో కారణం ఎన్నికలప్పుడు తుపాకులు డిపాజిట్ చేయడం. కోడ్ వచ్చిందంటే తుపాకులు స్టేషన్‌లో అప్పగించాలి. 2018, 2019, 2023, 2024, ప్రతిసారీ వారాల తరబడి మన చేతికి రావు. మొదటిసారి తోలు పౌచ్‌తోనే ఇచ్చాను. తోలు తేమ పట్టి బ్యారెల్ పక్కన తుప్పు మరకలు పడ్డాయి. తర్వాత నుంచి నూనె బట్టలో చుట్టి ఇస్తున్నాను. 2024 జూన్‌లో రెండూ తెచ్చుకుని, ఖాళీగా ఉన్నాయని రెండుసార్లు చూసుకుని ఆడించాను. పిస్టల్ స్లయిడ్ నూనె గడ్డకట్టి జిగటగా కదిలింది. రివాల్వర్ మాత్రం ఎప్పటిలాగే తిరిగింది.

నెలకోసారి రేంజ్‌కు వెళ్లి, వారానికోసారి విప్పి తుడిచే ఓపిక ఉన్నవాళ్లకు పిస్టలే మేలు. దాని ఇబ్బందులు చాలావరకు చేతితో అక్కడికక్కడే సరిచేసుకునేవి. రివాల్వర్ తక్కువగా ఆగుతుంది గానీ, లోపలి భాగం విరిగిందంటే మిస్త్రీ దగ్గరికి పోవాల్సిందే. ఏడాదికి ముప్పై తూటాలు కాల్చే నాలాంటివాడికి రివాల్వర్ చాలు.

ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సుకు మూడు తుపాకుల పరిమితి రెండుకు తగ్గింది. అప్పుడు మా నాయన నుంచి నాకు వచ్చిన పన్నెండు బోర్ తుపాకీని వదులుకోవాల్సి వచ్చింది. దాన్ని అప్పగించిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇప్పుడు పైసలన్నీ బ్యాంకు ద్వారానే పోతున్నాయి, రాత్రి తిరుగుడు తగ్గింది. పిస్టల్‌ను లైసెన్సు ఉన్న డీలర్‌కు అమ్మకానికి ఇచ్చాను. రివాల్వర్ ఇంట్లో బీరువా లాకర్‌లో ఉంది, తూటాలు వేరే గదిలో తాళం వేసి ఉన్నాయి.