విజయవాడలో రీసేల్ ఫ్లాట్ కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చేముందు అసోసియేషన్ లెక్కలు అడగండి

సింగ్‌నగర్, పాయకాపురం వైపు రీసేల్ ఫ్లాట్లు చూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మేము ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం) తీయించాం, లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు) లాయరుగారికి చూపించాం, యూడీఎస్ (బిల్డింగు స్థలంలో ఫ్లాటుకు వచ్చే వాటా) ఎన్ని గజాలో చూసుకున్నాం. బ్యాంకువాళ్లు కూడా లీగల్ ఒపీనియన్ తెప్పించుకున్నాకే లోన్ ఇచ్చారు. కాగితాల్లో ఎక్కడా లోపం లేదు. అయినా ఇల్లు మారిన నెలలోపే మా ఫ్లాటుకు నీళ్లు ఆపేశారు. ఆపించింది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు.

దీని మూలం 2024 సెప్టెంబరు వరదలో ఉంది. బుడమేరు పొంగి ఈ వైపంతా మునిగినప్పుడు మా బిల్డింగులో కింద పార్కింగ్ మొత్తం నీళ్లే. లిఫ్ట్ గుంటలోకి, సంప్‌లోకి బురదనీరు చేరింది. మోటార్లు, జనరేటరు పాడయ్యాయి. రిపేర్లకు ఫ్లాటుకు 30 వేలు ఇవ్వాలని ప్రెసిడెంటు అడిగారట. అడగడంలో తప్పు లేదు, అంత నష్టం జరిగిన మాట నిజమే. చాలామంది అప్పో సప్పో చేసి ఇచ్చారు. ఆ తర్వాత బిల్లులు చూపించమంటే మాత్రం చూపించలేదు. లిఫ్ట్ బాగుపడింది గాని జనరేటరు ఇప్పటికీ తుప్పు పట్టి మూలనే పడి ఉంది. బిల్లులు చూపిస్తేనే కడతామని నాలుగైదు ఇళ్లవాళ్లు ఆగిపోయారు. మాకు ఫ్లాట్ అమ్మినాయన వాళ్లలో ఒకరు.

ఆయన ఈ సంగతి మా దగ్గర దాచారు. "బకాయిలేమీ లేవండీ, అన్నీ క్లియర్" అన్నారు. సేల్ డీడ్‌లో కూడా అలాగే రాశారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మమ్మల్ని అసోసియేషన్ లెటర్ అడగలేదు. ఈసీలో ఇలాంటి బాకీ కనపడదు. అందుకే ఇంత జాగ్రత్తపడ్డా ఎక్కడా బయటికి రాలేదు.

సామాను దించుతుండగానే ప్రెసిడెంటుగారు ఒక కాగితం పట్టుకొచ్చారు. వరద డబ్బు 30 వేలు, దానిమీద నెలనెలా ఫైను, పాత ఓనరు మెయింటెనెన్స్ బాకీ, కొత్త ఓనరు ట్రాన్స్‌ఫర్ ఫీజు 25 వేలు, ఆ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. కాగితం మీద సంఘం పేరు లేదు, సీలు లేదు, జీఎస్టీ నంబరు లేదు. డబ్బు ఆయన సొంత ఫోన్‌పే నంబరుకు పంపాలట. ట్రాన్స్‌ఫర్ ఫీజు ఏ మీటింగులో తీర్మానించారో ఆ మినిట్స్ చూపించమని మావారు మర్యాదగానే అడిగారు. "ఇక్కడ రూల్స్ ఇంతేనమ్మా, ఇన్నేళ్లుగా నేనే నడుపుతున్నా, నన్ను అడిగినవాళ్లు లేరు" అని నావైపు చూసి చెప్పి వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే కుళాయిలన్నీ ఆగిపోయాయి. ప్లంబరును పిలిస్తే టెర్రస్‌కు తాళం, తాళంచెవి ప్రెసిడెంటు ఇంట్లో. పైన ట్యాంకు నుంచి మా ఫ్లాటుకు దిగే లైను గేట్‌వాల్వ్ కట్టేశారని వాచ్‌మన్ భయపడుతూ చెప్పాడు. డెబ్భై దాటిన మా అత్తగారు మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషి. మేమిద్దరం ఆఫీసులకు వెళ్లాక ఆవిడే కింద కుళాయి దగ్గర బకెట్ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. పై అంతస్తుల్లోంచి చూస్తున్నవాళ్లకు జాలి ఉంది, కాని నోరు విప్పితే తమ వాల్వ్ కూడా కట్టేస్తారేమోనని భయం. పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాక, అక్కడినుంచి ఫోన్ వచ్చాక గాని నీళ్లు వదల్లేదు.

మెయింటెనెన్స్ బాకీ ఉంటే నోటీసు ఇవ్వొచ్చు, కోర్టులో వసూలు దావా వేయొచ్చు. అంతేగాని మనుషులు తాగే నీళ్లు ఆపే అధికారం ఏ కమిటీకీ లేదు. కరెంటు మీటరు మన పేరున విద్యుత్ పంపిణీ సంస్థ సీపీడీసీఎల్ ఇచ్చింది, ఫ్యూజు పీకుతామని బెదిరించినా అదే మాట చెప్పండి. జీఎస్టీ సంగతి కూడా తెలుసుకోండి. ఒక్కో సభ్యుడి నుంచి నెలకు 7,500 రూపాయల వరకు తీసుకునే మెయింటెనెన్స్‌కు జీఎస్టీ మినహాయింపు ఉంది. మా బిల్డింగులో మెయింటెనెన్స్ 2,000. పైగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరే లేని సంఘం జీఎస్టీ పేరుతో రూపాయి వసూలు చేసినా అది చట్టవిరుద్ధమే.

మా కళ్లు తెరిపించింది జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు. ఈ సంఘం సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయింది కాబట్టి ఫీజు కట్టి బైలాల (సంఘం నియమావళి) సర్టిఫైడ్ కాపీ, కమిటీ జాబితా తెచ్చుకున్నాం. బైలాలో ట్రాన్స్‌ఫర్ ఫీజు అనే మాటే లేదు. ఏటా జనరల్ బాడీ పెట్టి ఆడిట్ చేసిన లెక్కలు చదివి వినిపించాలని ఉంది. జాబితాలో ట్రెజరర్‌గా ఉన్నాయన ఎప్పుడో ఫ్లాట్ అమ్మేసి హైదరాబాద్ వెళ్లిపోయారు. అంటే ఇన్నాళ్లూ ఎన్నికలు లేవు, లెక్క రాసే మనిషి కూడా లేడు. వసూలు చేసేదీ ఖర్చు పెట్టేదీ ఒక్కరే.

బైలాలోని ఒక్క రూలు మాత్రం గట్టిగా అమలవుతోంది: బాకీ ఉన్నవాళ్లకు ఓటు లేదు. లెక్కలు అడిగి డబ్బు ఆపినవాళ్లందరూ దీంతో ఓటర్ల లిస్టు నుంచి ఎగిరిపోయారు. ఎంత కోపం ఉన్నా నెలవారీ మెయింటెనెన్స్ ఆపొద్దని మా లాయరుగారు చెప్పింది ఇందుకే. సంఘం బ్యాంకు ఖాతాకే పంపండి, వివాదం ఉన్న మొత్తాన్ని ఎందుకు ఆపారో ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆ రసీదు దాచుకోండి.

మూడో అంతస్తులో ఒక పిన్నిగారున్నారు, ఒంటరి మనిషి. టెర్రస్ మీద ఒడియాలు పెట్టుకున్నందుకు ఆవిడకు 500 ఫైను వేశారట. టెర్రస్ అందరి ఉమ్మడి ఆస్తి. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టంలో ఉమ్మడి ప్రాంతాల కింద మెట్లు, లిఫ్టు, టెర్రస్, ఓపెన్ పార్కింగ్ అన్నీ పేరుపేరునా రాసి ఉన్నాయి. ఆవిడ ఫైను కట్టిన రోజు నుంచి పైకి వెళ్లడమే మానేశారు. మా నీళ్ల కష్టం కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. సొంత డబ్బుతో కొనుక్కున్న ఇంట్లో పెద్దావిడ అద్దెకున్నట్టు బిక్కుబిక్కుమంటూ బతకడం ఏమిటి?

రెరాకు వెళ్లొచ్చు కదా అని చాలామంది అడుగుతున్నారు. అక్కడ వినేది ముఖ్యంగా బిల్డరు, ఏజెంటు, కొన్నవాళ్ల మధ్య గొడవలు. పాత బిల్డింగు కమిటీ అక్రమాలకు ఆ దారి పనికిరాదు. ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001లో 23వ సెక్షన్ ఉంది. సంఘం వ్యవహారాల మీద ఏ సభ్యుడైనా ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) గాని, జిల్లా కోర్టుకు గాని వెళ్లొచ్చు. కొత్త ప్రాజెక్టులో కొంటున్నవాళ్లకు మాత్రం రెరా బాగా ఉపయోగం. సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లోపు సంఘం ఏర్పాటయ్యేలా చూడాల్సిన బాధ్యత బిల్డరుదే. అది జరగకుండా బిల్డరు మనిషే "తాత్కాలిక ప్రెసిడెంటు" అంటూ ఏళ్లతరబడి కూర్చున్న చోట జాగ్రత్తపడండి.

ఇక కొనేవాళ్లు చేయాల్సింది. అడ్వాన్స్ అగ్రిమెంట్ రాసుకోకముందే, అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఫ్లాట్ నంబరు వేసి, సీలుతో నో డ్యూస్ లెటర్ (బకాయిలు లేవని రాసిచ్చే పత్రం) ఇప్పించమని అమ్మేవారిని అడగండి. నోటిమాట వద్దు. సంఘం పేరున బ్యాంకు ఖాతా ఉందా, కార్పస్ (సంఘం నిల్వ నిధి) ఎంత, చివరి జనరల్ బాడీ ఎప్పుడు జరిగింది, ఆడిట్ రిపోర్టు ఉందా కనుక్కోండి. వరద తాకిన బిల్డింగయితే ఆ రిపేర్ల వసూలు సంగతి విడిగా అడగండి. సాయంత్రంపూట ఒక్కరే వెళ్లి వాచ్‌మన్‌తో, రెండు మూడు ఇళ్లవాళ్లతో మాట్లాడండి. ప్రెసిడెంటు పేరెత్తగానే గొంతు తగ్గించి మాట్లాడుతున్నారంటే మీకు విషయం అర్థమైపోతుంది. రిజిస్ట్రేషన్ తేదీ వరకు ఉన్న బకాయిలన్నీ అమ్మేవారివేనని, తర్వాత బయటపడినా వారే కట్టాలని సేల్ డీడ్‌లో స్పష్టంగా రాయించండి. నో డ్యూస్ లెటర్ ఆలస్యమవుతుందంటే, అది చేతికి వచ్చేవరకు కొంత మొత్తం ఆపుకునేలా అగ్రిమెంట్‌లోనే షరతు పెట్టండి.

మా దగ్గర ఇప్పుడు లెక్కలు అడుగుతూ, జనరల్ బాడీ పెట్టమంటూ ఓనర్ల సంతకాలు సేకరిస్తున్నాం. సగం పైన వచ్చాయి. పిన్నిగారు కూడా సంతకం చేశారు. తేదీ ఇవ్వకపోతే జిల్లా కోర్టులో అప్లికేషన్ వేస్తాం, లాయరుగారు కాగితాలు సిద్ధం చేస్తున్నారు. ఇదే బాధ పడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ముందు మీ సంఘం బైలా కాపీ తెచ్చుకోండి, ఫైన్లకు, వసూళ్లకు ఇచ్చిన ప్రతి చీటీ ఫోటో తీసి పెట్టుకోండి.