ఎన్నికలా, పుస్తకమా? యాన్ టెర్లౌ రెండూ చేసి చూపించారు

సమాజం గురించి గట్టిగా చెప్పాల్సింది ఉంటే ఎన్నికల్లో నిలబడాలా, పుస్తకం రాయాలా? నెదర్లాండ్స్‌కు చెందిన యాన్ టెర్లౌ రెండూ చేశారు. నిజానికి ఆయన ఫిజిక్స్ మనిషి.

ఖర్చు, శ్రమ: రాజకీయానికి పార్టీ, జనం, రోజంతా సర్దుబాట్లు. పుస్తకానికి కాగితం, ఓపిక.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. 1981లో ఆయన నాయకత్వంలో డి66 పార్టీకి 17 సీట్లొచ్చాయి, ఆయన ఉపప్రధాని, ఆర్థిక వ్యవహారాల మంత్రి అయ్యారు, మరుసటి ఏడాదే సీట్లు 6కి పడిపోయి నాయకత్వం వదిలేశారు. పుస్తకం ఆడకపోతే మహా అయితే అటకెక్కుతుంది, అంతే.

ఆయుష్షు: మంత్రి పదవి ఏడాదిన్నర కూడా లేదు. 1972లో వచ్చిన ఆయన నవల 'ఓర్లోఖ్స్‌వింటర్' (యుద్ధకాలపు చలికాలం) మాత్రం, చిన్నప్పుడు ఆయన స్వయంగా చూసిన జర్మన్ ఆక్రమణ కాలంలో ఒక కుర్రాడి కథ, 2008లో సినిమా కూడా అయింది.

అధికారం: ఇందులో పుస్తకం సున్నా. ఏ నవలా బడ్జెట్ పాస్ చేయలేదు కదా!

చట్టమో, పన్నో ఇప్పుడే మారాలనుకుంటే, ఓటమి టెన్షన్ తట్టుకోగలిగితే రాజకీయం. పిల్లలతో మాట్లాడాలనుకుంటే, తొందర లేకపోతే రచన. రెండూ కావాలంటే మాత్రం రాయడం ముందు మొదలుపెట్టండి. టెర్లౌ 1971లో పార్లమెంటుకు వెళ్లేనాటికే పిల్లల పుస్తకాలు రాసి ఉన్నారు.